చెవిలో చెప్పిన పేరు

ఆ మనిషి తన పేరు చెప్పనంటే చెప్పనంది.

"పేరు చెప్పకపోతే నేనేం చేసేదమ్మా?" అన్నాడు లింగప్ప. పెనుకొండలోని పొదరిల్లు అనే పిల్లల ఆశ్రమానికి అతను మేనేజరు. వచ్చి ఏడాది దాటినా ఊళ్లో అందరూ కొత్త మేనేజరనే అంటారు.

"పెద్దమ్మకు చెప్తా. పిలువు."

"ఏ పెద్దమ్మ?"

"గంగులమ్మక్క. ఇంగెవురు?"

గది మూలలో ఇంటర్నెట్ తీగ పీకి మళ్లీ గుచ్చుతున్న మసూద్ చెయ్యి ఆగిపోయింది. అతను హిందూపురంలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో ప్రోగ్రామర్. ఆశ్రమం కంప్యూటర్ మొరాయించినప్పుడల్లా పొద్దుటి రైలెక్కి వస్తాడు. తల తిప్పి చూశాడు. ముప్పై దాటని మనిషి. చేతిలో గుడ్డసంచి. మోచేతుల దాకా సిమెంటు మచ్చలు. ఆమె నెత్తి మీదుగా, గోడకు, దండ వేసిన గంగులమ్మ ఫోటో ఉంది. ఆమె అటు చూడలేదు.

"ఆయమ్మ ఉగాది ముందర పోయిందమ్మా," అంది వాకిట్లో బియ్యం చెరుగుతున్న చౌడక్క. ఆశ్రమంలో వంట, పిల్లల తలస్నానాలు, దెబ్బలకు పసుపు, అన్నీ చౌడక్కే.

వచ్చిన మనిషి నిలబడ్డ చోటే కూలబడింది. ఏడవలేదు. "మరి నా పేరు ఎవురికి చెప్పల్ల?" అంది.

ఆ ప్రశ్న లింగప్పకు అర్థం కాలేదు. మసూద్‌కు అర్థమైంది.

గంగులమ్మ రిటైరైన టీచరు. తన సొంత ఇంట్లో ఈ ఆశ్రమం పెట్టింది. అక్కడికి రెండు రకాల పిల్లలు వచ్చేవారు. రైల్వేస్టేషన్లో, బస్టాండులో దొరికినవాళ్లు ఒక రకం. తల్లే తెచ్చి వదిలినవాళ్లు రెండో రకం. వదిలే తల్లి దగ్గర గంగులమ్మ కాగితం అడిగేది కాదు. వేలిముద్ర అడిగేది కాదు. కాగితమంటే ఆ తల్లులకు భయం. అది తిరిగి తిరిగి ఏ అన్న చేతికో, మారుమనువు మొగుడి చేతికో వెళుతుందని భయం. అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టింది. తల్లి వచ్చి ఆమె చెవిలో తన పేరు చెప్పాలి. అంతే.

"పేరు చెప్పిన తల్లి బిడ్డను నేనెవరికీ ఇయ్యను. ఎన్నేండ్లకైనా రా. ఇదే పేరు నా చెవిలో చెప్పు. నీ బిడ్డను పట్టకపో," అనేది.

చాలా ఏళ్లు ఆ పేర్లు ఆమె తలలోనే ఉన్నాయి. మతిమరుపు మొదలయ్యాక ఒంటివేలితో టైపు చేయడం నేర్చుకుంది. మసూద్ చేత ప్రోగ్రాం రాయించి, ప్రతి బిడ్డ పక్కనా ఒక గడి పెట్టించి, ఆ పేర్లన్నీ తనే కూర్చుని ఎక్కించింది. ఆ గడి మామూలు తెర మీద కనిపించదు. ఆమె రహస్యపదం కొడితేనే తెరుచుకుంటుంది. ఆమె పోయాక దాన్ని తెరవాల్సిన పని ఎవరికీ పడలేదు.

"నా చెవిలో చెప్పు," అంది చౌడక్క, చేట పక్కన పెట్టి. "నేనూ ఆడదాన్నే గదా."

ఆ మనిషి తటపటాయించి, వంగి, గుసగుసలాడింది.

"ఉలిగమ్మంట!" అని కేక పెట్టింది చౌడక్క.

"గట్టిగా అరుస్తావేమక్కా!"

"పేరు చెప్తే గదే ఆ పిల్లోడు మిషన్లో ఎతికేది! నువ్వు గుట్టుగా ఉంటే బిడ్డ గాల్లోంచి ఊడిపడతాదా?"

మసూద్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గంగులమ్మ రహస్యపదం అతనికి తెలుసు. ప్రోగ్రాం రాసింది అతనే. గడి తెరిచి ఉలిగమ్మ అని కొట్టాడు.

లేదు.

ఇంగ్లీషు అక్షరాలు మార్చి కొట్టాడు. లేదు. అప్పుడు వెతకడం మాని, పిల్లల వివరాలు ఒక్కొక్కటిగా తెరిచాడు. మొదటి బిడ్డ తల్లి గడి ఖాళీ. రెండో బిడ్డది ఖాళీ. మూడో బిడ్డను చౌడక్కకు బాగా తెలుసు, ఆ తల్లి వచ్చి పేరు చెప్పిపోవడం ఆమె కళ్లారా చూసింది. ఆ గడీ ఖాళీ.

అన్నీ ఖాళీయే.

ఏం జరిగిందో మసూద్‌కు ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

లింగప్ప అతని భుజం మీదుగా తొంగి చూశాడు. "చూడమ్మా, నీ పేరు ఈడ లేదు. ఎవురి బిడ్డనో ఎత్తకపోదామని ఇట్ల నెలకొకరు వస్తాంటారు. పోలీసులను పిలవకముందే..."

ఉలిగమ్మ లేచి నిలబడింది. "పిలువప్పా! పిలువు! కరువొచ్చిన ఏడు, పాకే బిడ్డను ఈ గడప మీద దించినా నేను. మొగుడు పాము కరిచి పోయినాడు. మా అన్నలు మారుమనువు చేస్తామన్నారు, బిడ్డ ఉండాదంటే ఆయప్ప చేసుకోనన్నాడు. బిడ్డ సచ్చిపోయిందని చెప్పి మనువాడినా. ఇప్పుడు ఆయప్ప కూడా పోయినాడు. బెంగళూర్లో ఇటుకలు మోసే బేల్దారి పని మాని ఒక హాస్టల్లో వంటకు కుదిరినా. రూమిచ్చినారు. బిడ్డను తెచ్చుకోమన్నారు. ఇంగ నాకు ఎవురి భయమూ లేదు. ఏ పోలీసును పిలుస్తావో పిలువు!"

"పుట్టుమచ్చ మాదిరి ఏమన్నా ఉండాదా బిడ్డకు?" అంది చౌడక్క మెల్లగా.

"లేదక్కా. నున్నగా ఉండె."

కిటికీ అవతల ఆడపిల్లలు గుంపుగా చేరి చూస్తున్నారు. ఉలిగమ్మ వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసింది. చూసి, మళ్లీ మొదటి ముఖం దగ్గరికి వచ్చింది. అందరూ ఏడెనిమిదేళ్ల పిల్లలే. ఎవరైనా కావచ్చు.

"సాయంత్రం దాకా ఆగండి సార్," అన్నాడు మసూద్ లేస్తూ. "ఈ ఆశ్రమం పాత కంప్యూటర్ ధర్మవరంలో ఉంది. అందులో ఈ పేర్లన్నీ ఉండాలి."

"ఇందులో లేనివి దాంట్లో ఎట్లుంటాయబ్బా?"

"ఉంటాయి సార్. నేను పాడు చేయకముందటివి కదా."

ఆ చివరి మాట లింగప్ప వినిపించుకోలేదు. ఉలిగమ్మ వింది. సంచి భుజాన వేసుకుని అతని వెనకే నడిచింది.

"నువ్వెందుకమ్మా?"

"నా పేరు యాడ పోయిందో నేనూ సూడల్ల గదా."

ప్యాసింజర్ బండిలో కిటికీ పక్కన సీటు దొరికింది. బండి కదిలాక, ఆమె అడక్కుండానే మసూద్ చెప్పడం మొదలుపెట్టాడు.

సంగతి ఇది. రెండేళ్ల కిందట, 2003లో, బెంగళూరు సంస్థ ఒకటి పిల్లల చదువులకు సాయం చేస్తామంది. పిల్లల ఎత్తు, బరువు, తరగతి తమ ఆఫీసుకు కంప్యూటర్ ద్వారా అందాలంది. దానికోసం మసూద్ ఒక వెబ్ సర్వీసు రాశాడు. అలాంటి సర్వీసు తన గురించి తనే ఒక వివరణ తయారు చేసుకుంటుంది. నా దగ్గర బిడ్డ అనే వస్తువు ఉంది, అందులో ఈ ఈ గడులు ఉన్నాయి అని అవతలి కంప్యూటర్‌కు చాటి చెబుతుంది. ఏ గడి చెప్పాలో, ఏది వద్దో దానికి తెలియదు. అన్నీ చెప్పేస్తుంది.

గంగులమ్మ ఆ వివరణను ముందు కాగితం మీద వేయించుకుని చదివింది. తల్లి పేరు దగ్గర వేలు ఆనించి, "ఇది పెనుకొండ దాటగూడదు మసూదూ. నా చెవిలో చెప్పినారు వాళ్ళు, బెంగళూరు చెవిలో కాదు," అంది.

"ఒక్క లైను పని మేడమ్," అన్నాడు మసూద్. ఆ గడి పైన 'ఎక్స్ఎంఎల్ ఇగ్నోర్' అని ఒక గుర్తు పెట్టాడు. దీన్ని వదిలెయ్ అని దానర్థం. వివరణ నుంచి తల్లి పేరు మాయమైంది. బిడ్డను ఎవరికైనా పెంపకానికి ఇస్తే వాళ్ల చిరునామా రాసే గడి ఒకటుంది. అదీ బయటికి పోగూడదంది గంగులమ్మ. దాని మీదా అదే గుర్తు పెట్టాడు. ఆవిడ మెచ్చుకుని బెల్లం కాఫీ ఇచ్చింది.

"ఆడిదాకా బాగానే ఉండాది గదా," అంది ఉలిగమ్మ.

మసూద్ తన ఒళ్లో ఉన్న టిఫిన్ క్యారియర్ చూపించాడు. "ఇది నాలుగు గిన్నెల క్యారియర్ అనుకో అమ్మా. ఒక గిన్నె బయటికి పోగూడదని ఇంట్లోనే పెట్టి, మూడు గిన్నెలు పంపినాను. బెంగళూరు వాళ్ళు బిడ్డ కొత్త ఎత్తు, బరువు రాసి క్యారియర్ తిరిగి పంపుతారు. మూడే వస్తాయి. ఇంటికాడ మూత తీసేదీ నా ప్రోగ్రామే. నాలుగో గిన్నె రాలేదంటే, అది పంపలేదని అనుకోవాల. దానికి ఆ తెలివి లేదు. నాలుగోది ఖాళీ అనుకుని, ఇంట్లో ఉన్న గిన్నె కూడా కడిగేసింది. ఏ బిడ్డ వివరం తిరిగొస్తే ఆ బిడ్డ తల్లి పేరు పోయింది. నేను అది చూసుకోలేదు."

"ఎవురూ సూడలేదా?"

"చూడగూడదని కదా దాచింది. గంగులమ్మ మేడమ్ అప్పటికే మంచాన పడింది."

మాకాజిపల్లి స్టేషన్లో బండి ఆగింది. బయట శనక్కాయ చేలు వాన లేక ముడుచుకుని ఉన్నాయి. ఆమె వాటిని చూస్తూ ఉండిపోయింది. బండి మళ్లీ కదిలాక అంది.

"అంటే నా పేరు దాసిందీ నువ్వే, తుడిసిందీ నువ్వే."

"అవునమ్మా."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"దాయమన్నది నేనే గదప్పా," అంది ఉలిగమ్మ.

ధర్మవరంలో హనుమప్ప చీరల అంచులకు డిజైన్లు గీసి మగ్గాల వాళ్లకు ఇస్తాడు. ఆశ్రమం పాత కంప్యూటర్‌ను మసూద్ యజమాని అతనికి అమ్మాడు. ఇద్దరూ వెళ్లేసరికి హనుమప్ప తెర మీద హంసల అంచుకు రంగులద్దుతున్నాడు.

"ఏమబ్బా మసూదూ, నువ్వమ్మిన మిషన్ చూడు! పెద్ద అంచు తెరవమంటే అర్ధగంట ఆలోచన చేస్తాది. దీనికంటే మా అవ్వ నయం."

"అన్నా, ఇందులో ఆశ్రమం ఫైళ్లు ఉండేవి. తీసేసినావా?"

హనుమప్ప రంగులద్దడం ఆపాడు.

"జాగా చాలక అన్నీ తీసేసినా," అన్నాడు హనుమప్ప.

ఉలిగమ్మ గడప దాటి లోపలికి వచ్చింది.

"ఒకటి మాత్రం తీయలే. దాని పేరు ఏందో ఇంగ్లీషులో బారెడుండాది. ముట్టుకుంటే మిషన్ యాడ నిల్సిపోతాదోనని భయమేసింది. అట్లే ఉండనీలే అనుకున్యా."

"అన్నా! కొంచెం లేస్తావా?"

మసూద్ దాదాపు అతన్ని తోసేసినట్టే కుర్చీలో కూర్చున్నాడు. ఆ బారెడు పేరు ఫోల్డర్ అక్కడే ఉంది. లోపల పాత ప్రోగ్రాం, దాని వెనక పిల్లల వివరాలు. బెంగళూరు సర్వీసు మొదలవడానికి ముందు రోజు దాకా ఉన్నవి. అతను తల్లి గడి తెరిచాడు.

పేర్లు. ఒక్కో బిడ్డ పక్కన ఒక్కో తల్లి. గంగులమ్మ ఒంటివేలితో కొట్టిన ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో అనవసరమైన ఖాళీలు. మసూద్ కళ్లు మసకబారాయి. తుడుచుకుని ఉలిగమ్మ అని కొట్టాడు.

ఒకే ఒక్క వరుస వచ్చింది.

"దొరికిందమ్మా. ఉలిగమ్మ. బిడ్డకు మేడమ్ పెట్టిన పేరు రేఖ."

"రేఖ," అంది ఆమె. పలకడం నేర్చుకుంటున్నట్టు మళ్లీ అంది. "నేను చిట్టి అని పిలుస్తాంటి."

ఫోటో ఉంది. అయిదారేళ్ల పిల్ల. రెండు జడలు, ముందరి పన్ను లేదు. ఎండకు కళ్లు చికిలించి చూస్తోంది. ఉలిగమ్మ మోకాళ్ల మీద కూర్చుని తెర మీద వేలు పెట్టింది.

"తెర మీద వేళ్లు పెట్టద్దు త..." అనబోయి హనుమప్ప నోరు మూసుకున్నాడు. తన తుండుగుడ్డ తీసి చేతిలో నలుపుకుంటూ బయటికి వెళ్లాడు.

"ముక్కు వాళ్ళ నాయనది," అంది ఉలిగమ్మ. "ముక్కు మాత్రం అచ్చం ఆయప్పదే."

మసూద్ ఫైళ్లన్నీ ఒక సీడీలోకి ఎక్కించుకున్నాడు. తిరుగు బండికి ఇంకా టైముంది. స్టేషన్ రోడ్డులో ఆమె ఒక అంగడి ముందు ఆగి, ఎర్ర రిబ్బన్లు రెండు మూరలు కొంది. పట్టులంగా ధర అడిగి, చెప్పింది విని, అంగడతన్ని ఒక మాట అని, పూల చీటిగుడ్డ లంగా తీసుకుంది. కొలత తెలియక చేతులు చాచి గాలిలో ఎత్తు చూపిస్తుంటే, "ఇంత ఉంటాదాప్పా?" అని మసూద్‌నే అడిగింది.

బండెక్కాక ఆమె నోరు ఆగలేదు.

"కారం తింటాదా? మా ఇండ్లల్లో అందరం కారం తింటాం. రాత్రి పక్క తడుపుతాదేమో, ఆ హాస్టలామె ఏమంటాదో. ఇస్కూలు ఆ ఈదిలోనే ఉండాది. కన్నడం నేర్చుకుంటాదిలే, మనకు చిలమత్తూరు కాడ సగం కన్నడమే గదా. నన్ను అమ్మా అంటాదంటావా అప్పా? మొదట్లో అనదులే. అనకపోయినా ఏం కాదు."

మసూద్ తల ఊపుతున్నాడు గానీ వినడం లేదు. ఫోటోలోని ముఖాన్ని గుర్తు చేసుకుంటున్నాడు. పొద్దున కిటికీ దగ్గర చేరిన ముఖాలను ఒక్కొక్కటే తలచుకుంటున్నాడు. చికిలించిన కళ్లు. వాళ్ల నాయన ముక్కు.

ఆ ముఖాల్లో ఈ ముఖం లేదు.

బడికి పోయి ఉంటుంది అనుకున్నాడు. కానీ ఆ రోజు ఆదివారం.

లింగప్ప వాకిట్లోనే కుర్చీ వేసుకుని ఉన్నాడు. మసూద్ నోరు తెరిచే లోపలే ఉలిగమ్మ అంది, "సార్, నా బిడ్డ రేఖ. మిషన్లో నా పేరుండాది. సూసినా నేను. పిలవండి సార్."

లింగప్ప కుర్చీలోంచి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.

"రేఖనా?"

"రేఖ సార్."

"రేఖను ఇచ్చేసినాం కదమ్మా."

లోపల చౌడక్క చేతిలోంచి గరిటె జారిన చప్పుడు వినిపించింది.

"ఎవరికిచ్చారు సార్?" అన్నాడు మసూద్.

"పెంచుకుంటామని ఒక జంట వచ్చినారు. మంచి మనుషులు. పిల్లల్లేరు. మూడు నెలలైంది." లింగప్ప గొంతు పెంచాడు. "నేను సొంతంగా ఇయ్యలేదబ్బా! తల్లి పేరు లేని పిల్లలనే ఇయ్యల్లని గంగులమ్మ గారి రూలు. కంప్యూటర్‌నే అడిగినా. ఎవరూ లేనివారు అని నువ్వు పెట్టిన బటనే కదా, అదే నొక్కినా. రేఖ పేరు వచ్చింది. కంప్యూటరే చెప్పింది!"

నిజమే. ఆ బటన్ కూడా మసూద్ రాసిందే. తల్లి గడి ఖాళీగా ఉంటే ఎవరూ లేనట్టు.

"చిరునామా ఉంది కదా సార్," అన్నాడు మసూద్. "వాళ్ల చిరునామా ఎక్కించారు కదా?"

"ఎందుకెక్కించలే? నా చేతులతో కొట్టినా. ఊరు, ఇంటిపేరు, అన్నీ."

మసూద్ లోపలికి పరిగెత్తాడు. రేఖ వివరం తెరిచాడు. ఎత్తు ఉంది. బరువు ఉంది. 'ఈ బిడ్డకు సాయం ముగిసింది' అని బెంగళూరు వాళ్లు పంపిన కొత్త మాట ఉంది. ఆ మాటతో పాటు వివరమంతా తిరిగొచ్చింది.

చిరునామా గడి ఖాళీ.

దాని మీద కూడా అదే గుర్తు. అదే ఒక్క లైను.

బెంగళూరు ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఆదివారం డ్యూటీలో ఉన్న అమ్మాయి ఓపిగ్గా వెతికి, "ఆ గడి మా దగ్గరికి ఎప్పుడూ రాలేదు సార్, మీ సర్వీసు వివరణలోనే లేదు," అంది. ధర్మవరం కాపీ రెండేళ్ల పాతది. అప్పటికి రేఖ ఇక్కడే ఉంది.

"కాగితం ఏమీ లేదా సార్?"

"రాతకోతల స్టాంపు కాగితం వాళ్ళకే ఇచ్చి పంపినా. ఈడ కంప్యూటర్ ఉండాది కదా అని..." లింగప్ప రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు. "ఆయప్ప పేరు కొండప్పనో, పెద్దప్పనో. ఊరు మధుగిరి దిక్కా, పావగడ దిక్కా... నేను వచ్చినాక అయిదుగురిని ఇచ్చినా. ఒకరి ఊరు ఒకరికి కలిసిపోతాండాది."

ఉలిగమ్మ వాకిట్లో అలాగే నిలబడి ఉంది. లంగా పొట్లం చంకలో ఉంది. మసూద్ బయటికి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. చెప్పాలి. నోరు తెరిచాడు.

"ఆ గిన్నె కూడా కడిగేసిందా?" అంది ఆమె.

మసూద్ తల ఊపాడు.

అప్పుడు ఏడ్చింది. నోట్లో కొంగు కుక్కుకుని, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చింది. బిడ్డ ఉన్న సంగతి ఇన్నేళ్లు ఎవరికీ తెలియకుండా దాచిన మనిషి ఏడుపు అది. చౌడక్క వచ్చి ఆమెను గోడకు ఆనించి కూర్చోబెట్టింది.

"నేనే తలదువ్వి పంపిస్తినే తల్లీ," అంది చౌడక్క. "ఆయప్ప దగ్గర పట్టుగూళ్ల వాసనొచ్చె. రెండు ఖాళీ గోతాలు చంకన పెట్టుకోనుండె, గూళ్లు అమ్మి వచ్చినట్ల. ఇద్దరూ కన్నడంలోనే మాట్లాడుకుండిరి. హిందూపురం బండెక్కినారు. పాప ఏడ్వలే. గేటు దాకా పోయి మళ్లా ఎనక్కొచ్చి, 'నా చాప ఎవురికిస్తావవ్వా?' అనడిగె. ఎవురికీ ఇయ్యనులే అంటి. ఇంగా చుట్టే పెట్టినా."

ఆ చాపను చూపించమంది ఉలిగమ్మ. చౌడక్క లోపలికి వెళ్లి తెచ్చింది. ఈత చాప, ఒక మూల పిల్ల కొరికినట్టు నూలు ఊడి ఉంది. ఉలిగమ్మ దాన్ని విప్పి పరుచుకోలేదు. చుట్టినట్టే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మరుసటి వారమంతా మసూద్, లింగప్ప మోటారు సైకిల్ మీద తిరిగారు. గౌరిబిదనూరు, మధుగిరి, పావగడ. పట్టుపురుగులు పెంచే కన్నడ రైతు, ఈ మధ్యే ఆడపిల్లను తెచ్చుకున్నవాడు. అలా అడిగితే నవ్వినవాళ్లున్నారు. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లేమోనని తరిమినవాళ్లున్నారు. పట్టుగూళ్ల రైతంటే ఆ మూడు తాలూకాల్లో ఇంటికొకడు. పోలీసు స్టేషన్లో రాసిచ్చారు. అక్కడి మనిషి, "మీరే ఇచ్చినారు, మీరే పోయిందంటారు," అని ఆ కాగితాన్ని పక్కకు నెట్టాడు.

మసూద్ ప్రోగ్రాం సరిచేశాడు. బయటి నుంచి రాని గడిని ముట్టుకోవద్దని రాశాడు. రాస్తే అదీ నాలుగే లైన్లు. ధర్మవరం కాపీ నుంచి తల్లుల పేర్లన్నీ తిరిగి ఎక్కించాడు. తల్లులున్న పిల్లల్లో వెళ్లిపోయింది రేఖ ఒక్కతే. మిగతావాళ్లందరూ పొదరిల్లులోనే ఉన్నారు. ఆ సంగతి చెబితే కొంచెం ఊరటగా ఉంటుందనుకుని ఉలిగమ్మకు చెప్పాడు.

"అందరి తల్లుల పేర్లూ వచ్చినాయా?" అంది.

"వచ్చినాయమ్మా."

"మంచిదేలే," అని కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆమె బెంగళూరు వెళ్లలేదు. హాస్టల్ వాళ్లు కొన్నాళ్లు చూసి, వంటకు వేరే మనిషిని పెట్టుకున్నారు.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ గేటు పక్కన, గోతాలు దించే చోట, ఇప్పుడు ఒక గంపా, మూడు రాళ్ల పొయ్యీ ఉంటాయి. ఉడకబెట్టిన శనక్కాయలు. పట్టుగూళ్లు పెంచేవాడు ఎక్కడివాడైనా ఎప్పుడో ఒకప్పుడు ఈ గేటులోకి రాక తప్పదు. ఆ లెక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మసూద్ కంప్యూటర్ సెంటర్ అక్కడికి రెండు వీధుల అవతల. దారి కాకపోయినా అటుగానే వెళ్తాడు. మొదట్లో ఆమె అతన్ని చూడగానే అడిగేది. "ఏమప్పా, మిషన్లో ఏమన్నా వచ్చిండాదా?"

లేదమ్మా అనేవాడు.

తర్వాత ఆమె అడగడం మానేసింది. అతను మాత్రం నిలబడడం మానలేదు. పొట్లం కొనుక్కుని, గోడ నీడలో తింటూ ఆమెను చూస్తాడు. గోతం దించుకున్న ప్రతి మనిషి చేతులూ ఆమె ముందుగా చూస్తుంది, తర్వాత పక్కన ఆడమనిషి ఉందా అని చూస్తుంది, తర్వాత వాళ్ల వెనక చూస్తుంది.

ఒక రోజు పాత గొడుగు పట్టుకున్న ముసలి రైతు వచ్చాడు. కన్నడంలో ధర అడిగాడు. ఆమె కన్నడంలోనే జవాబు చెప్పి, పొట్లం కట్టి ఇచ్చి, అతను డబ్బులు తీసేలోగా గట్టిగా అంది. గేటు దగ్గర కాపలావాడూ, గోతాలు మోసేవాళ్లూ వినేటంత గట్టిగా.

"నా పేరు ఉలిగమ్మ. చిలమత్తూరు పక్కన. మీ ఊర్లో రేఖ అని ఎనిమిదేండ్ల పాప ఉంటే, కండ్లు చికిలించి సూసే పాప, ఆ పాపకు చెప్పు. ఉలిగమ్మ. మర్చిపోవద్దు తాతా. ఒకసారి చెప్పు, నా పేరేంది?"

"ఉలిగమ్మ," అన్నాడు ముసలాయన, ఏమీ అర్థం కాక.

"అదే," అంది ఆమె. అప్పటికే వెనకాల ఇంకొకతను గోతం దించుతున్నాడు. ఆమె కొత్త పొట్లానికి కాగితం చుడుతూ, "నా పేరు ఉలిగమ్మ," అని మళ్లీ మొదలుపెట్టింది.